మట్టి ఇటుకలు పది రోజులైనా గట్టిపడలేదు, ఎక్కడ తప్పు జరిగింది?

బుక్కపట్నం_చెరువుగట్టు
పొలంలో రెండు గదుల ఇల్లు కట్టుకుందామని మొదలుపెట్టాను. మాది శ్రీ సత్యసాయి జిల్లా, ఎర్రనేల. కాల్చిన ఇటుక వద్దనుకుని, చేత్తో నొక్కే ప్రెస్ అద్దెకు తెచ్చి మా మట్టితోనే 1200 ఇటుకలు కొట్టించాను. సైజు 290×140×90 మిల్లీమీటర్లు. మట్టిలో 6 శాతం సిమెంట్, మొత్తం 11 సంచులు పట్టింది. నలుగురు మనుషులు, ఆరు రోజుల పని.

చివరి ఇటుక కొట్టి ఇవాళ్టికి పదో రోజు. గోటితో గీకితే పొడి రాలుతోంది. మూల మీద బొటనవేలు పెట్టి నొక్కితే బిస్కెట్ విరిగినట్టు ఊడొచ్చింది. మొన్న రాత్రి జల్లు పడింది. టార్పాలిన్ లేచిపోయిన చోట పై వరస ఇటుకల అంచులు కరిగి గుండ్రంగా అయిపోయాయి. పక్క ఊళ్ళో ఇదే ప్రెస్‌తో, ఇలాంటి మట్టితో, ఇంతే సిమెంట్‌తో కొట్టినవాళ్ళ ఇటుకలు టంగుమని మోగుతున్నాయి. నావి తడితే తడిసిన డప్పులా మొద్దు శబ్దం.

ఇంకోటి, సంబంధం ఉందో లేదో తెలియదు. ఇటుకల దొంతర చుట్టూ చీమలు బారులు తీరుతున్నాయి.

సిమెంట్ నకిలీదా? మట్టి పనికిరానిదా? ఇంకేమైనా కలపాల్సిందా? ఇంట్లో రోజూ ఇదే గొడవ. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

మొరం_మనిషి
నీళ్ళు సరిగ్గా పట్టి ఉండరు. సిమెంట్ కలిస్తే తడి ఆరకూడదు. ఎండలో పెట్టారా?

బుక్కపట్నం_చెరువుగట్టు
లేదన్నా. చింతచెట్టు నీడలో పేర్చి, పైన గోనెపట్టాలు కప్పి, రోజూ రెండు పూటలా తడిపాం. అందులో లోటు చేయలేదు.

సివిల్_సూరి
నేను చీమల దగ్గరే ఆగిపోయాను. మట్టీ సిమెంటూ తినడానికి చీమలు రావు. కలిపిన నీళ్ళు మామూలు నీళ్ళేనా?

బుక్కపట్నం_చెరువుగట్టు
కాదు. మా ఊళ్ళో పెద్ద మేస్త్రీ ఒకాయన చెప్తే బెల్లం, కరక్కాయ వేశాం. 200 లీటర్ల డ్రమ్ముకు కిలో బెల్లం, దంచిన కరక్కాయ రెండు కిలోలు, మూడు రోజులు నానబెట్టి వడగట్టిన నీళ్ళు. వాళ్ళ నాన్న ఆ నీళ్ళతో కట్టిన గోడలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, నా కళ్ళతో చూశాను. బలానికే కదా వేసింది, అందుకే పైన రాయలేదు.

సివిల్_సూరి
దొరికింది. మీ సిమెంట్ నకిలీది కాదు, మట్టి కూడా చెడ్డది కాదు. బెల్లమే కారణం.

చక్కెర సిమెంట్‌ని గట్టిపడనివ్వదు. సిమెంట్ రేణువుకు నీళ్ళు తగలగానే మొదలవ్వాల్సిన రసాయన చర్యను అది అడ్డుకుంటుంది. ఎండాకాలం కాంక్రీట్ తొందరగా బిగుసుకుపోకుండా కలిపే మందుల్లో కొన్ని ఈ సూత్రంతోనే పనిచేస్తాయి. వాటి మోతాదు చాలా తక్కువ. సిమెంట్ బరువులో 0.05 శాతం చక్కెర ఉంటే కొన్ని గంటలు ఆలస్యమవుతుంది. అదే 0.2 నుంచి 1 శాతం దాకా వెళ్తే సిమెంట్ దాదాపు బిగియదు.

మీ లెక్క చూద్దాం. 50 కిలోల సంచికి మీ మట్టి సుమారు 830 కిలోలు. ప్రెస్‌కి కావాల్సిన తడి 10-11 శాతం అనుకుంటే 90 లీటర్ల నీళ్ళు. అందులో బెల్లం 450 గ్రాములు. అంటే సంచి సిమెంట్‌కి దాదాపు 0.9 శాతం. బెల్లంలో చక్కెర కానిది తీసేసినా 0.7 పైనే. పైగా కరక్కాయలో ఉండే వగరు పదార్థం, టానిన్, అది కూడా సిమెంట్‌ని ఆలస్యం చేసేదే. రెండు తాళాలు వేసి తలుపు ఎందుకు తెరుచుకోదు అంటే ఎలా?

పాతమిద్దె
నేను ఒప్పుకోను. మా తాతగారి ఇల్లు కర్నూలు జిల్లాలో 1940ల్లో కట్టింది. బెల్లం, కరక్కాయ నీళ్ళే. మేకు కొడితే మేకు వంగుతుంది. ఇంజనీర్లు పుస్తకం చదివి పెద్దవాళ్ళ విద్యను కొట్టిపారేయడం బాగాలేదు.

సివిల్_సూరి
పాతమిద్దె గారూ, మీ తాతగారి గోడలో సిమెంట్ ఉందా?

పాతమిద్దె
లేదు. గానుగ సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో తిప్పి నూరిన సున్నం.

సివిల్_సూరి
నేను చెప్పేదీ అదే. ఆ మేస్త్రీ చెప్పిన మందు గొప్పదే, కాకపోతే అది సున్నానికి. సున్నం చక్కెర నీళ్ళలో మామూలు నీళ్ళకంటే ఎక్కువ కరుగుతుంది. ముద్ద జిగురుగా, తాపీకి లొంగేలా వస్తుంది, తక్కువ నీళ్ళతో పని జరుగుతుంది. తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుంటూ రాయి అవుతుంది. సిమెంట్ దారి వేరు. పెద్దవాళ్ళ విద్యను నేను తక్కువ చేయట్లేదు. సగం వాళ్ళది, సగం మనది తెచ్చి ఒకే గుంతలో కలపడం వల్ల ఇది జరిగింది.

గోల్కొండ_గోడ
మా హైదరాబాద్ వైపు దాన్ని డంగు సున్నం అంటాం. పాత కట్టడాల మరమ్మతుల్లో కొన్నాళ్ళు పనిచేశాను. సున్నం గుంతలో నానబెట్టి వారాలు వదిలేసేవాళ్ళం. బెల్లం, కరక్కాయ, కొన్నిచోట్ల గుడ్డు తెల్లసొన కూడా వేస్తారు. ఆ పనిలో సిమెంట్ తట్ట పక్కన పెట్టినా పెద్ద మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. అప్పట్లో చాదస్తం అనుకున్నాను.

నల్లరేగడి_నాగు
బెల్లం పెట్టి ఇటుకలు కొట్టావు కాబట్టి గృహప్రవేశానికి చీమలే ముందొచ్చాయి బ్రో. పాలు పొంగించేయ్.

బుక్కపట్నం_చెరువుగట్టు
నవ్వొచ్చింది కానీ 11 సంచుల సిమెంట్ గుర్తొచ్చి ఆగిపోయింది. సూరి గారూ, ఇప్పుడు ఈ 1200 ఏం చేయాలి? పొడి కొట్టి మళ్ళీ సిమెంట్ కలిపి నొక్కితే?

సివిల్_సూరి
తొందరపడి పొడి కొట్టకండి. బెల్లం ఇంకా ఆ మట్టిలోనే ఉంది, మళ్ళీ కొత్త సిమెంట్ వేస్తే దాన్నీ పట్టుకుంటుంది. ముందు వీటిని కదపకుండా తడిగోనెల కింద ఇంకో నెల ఉంచండి. చక్కెర వల్ల ఆలస్యమైన సిమెంట్ కొంత తర్వాతైనా పనిచేయడం ఉంది. ఎంత అనేది చూస్తేనే తెలుస్తుంది.

అడుసు_అక్క
నేను పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో, మట్టి కట్టడాలు నేర్పే ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ శిక్షణకు వెళ్ళొచ్చాను, తర్వాత మా పిన్ని వాళ్ళకీ మాకూ రెండు ఇళ్ళు కట్టించాను. తమ్ముడూ, బెల్లం సంగతి సరే. నువ్వు అసలు మట్టి పరీక్ష చేశావా? ఏం కలపాలి అని అందరూ అడుగుతారు, ఎందులో కలుపుతున్నాం అని ఎవరూ అడగరు.

లీటర్ గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు. బాగా కుదిపి బల్ల మీద పెట్టు. ఒక నిమిషంలో అడుగున చేరేది ఇసుక, గరుసు. కొన్ని గంటల్లో దాని మీద మెత్తటి ఒండ్రు. మర్నాటికి పైన నున్నగా పేరుకునేది బంక. స్కేలు పెట్టి కొలువు. నొక్కే ఇటుకకు ఆరోవిల్ వాళ్ళు మంచిదనే మట్టిలో గరుసు 15, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20 శాతం ఉంటాయి. సీసాలో బంక ఉబ్బి కాస్త ఎక్కువ కనిపిస్తుంది, అది గుర్తుపెట్టుకో.

ఇసుక పాలు ఎక్కువుంటే సిమెంట్. బంక పాలు ఎక్కువుంటే సున్నం. ఇది మొదటి పాఠం.

మొరం_మనిషి
నిర్మల్ దగ్గర మాది మొరం నేల. 5 శాతం సిమెంట్‌తో కొట్టి ఆరేళ్ళయింది, బయట పూత కూడా వేయలేదు. అక్క చెప్పింది నిజం. కాకపోతే పొదుపు అని సిమెంట్ మరీ తగ్గించొద్దు. మా బావమరిది 2 శాతంతో కొట్టాడు. అది ఇటు మట్టి ఇటుకా కాలేదు, అటు సిమెంట్ ఇటుకా కాలేదు. కొన్ని మట్టుల్లో 3 శాతం లోపు వేస్తే ఏమీ వేయని ఇటుకకంటే బలం తగ్గుతుంది.

నల్లరేగడి_నాగు
మాది గుంటూరు వైపు. నల్లరేగడిలో ఇవేవీ కుదరవు కదా? ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు, తడిస్తే ఉబ్బుతుంది.

అడుసు_అక్క
ఒట్టి రేగడితో కుదరదు. సగానికి పైగా ఇసుకో గరుసో కలిపి, మిగతా దానికి సున్నం 6 నుంచి 10 శాతం. సున్నం తగిలాక ఆ బంకకు ఉబ్బే గుణం బాగా తగ్గుతుంది, పిసికితే చేతికి అంటుకోకుండా పొడిపొడిగా అయిపోతుంది. మీకు పిడుగురాళ్ళ దగ్గరే కదా, సున్నానికి కొదవేముంది! కానీ ఓపిక కావాలి. సిమెంట్ 28 రోజుల్లో చూపించే బలం సున్నం నెలల తరబడి మెల్లగా చూపిస్తుంది. కాల్చిన రాతి సున్నం మీద నీళ్ళు పోసేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి. సలసలా ఉడుకుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది.

పచ్చిఇటుక_ప్రేమ
5 శాతం సిమెంట్ వేశాక ఇక దాన్ని మట్టి ఇల్లు అనడం దేనికి? మా అమ్మమ్మ వాళ్ళు ఏ సంచీ కొనలేదు. అడుసు తొక్కి, గడ్డి వేసి, పేడతో అలికి వందేళ్ళు బతికారు. ఆ ఇల్లు పడిపోతే మళ్ళీ అదే మట్టి, అదే నేల. సిమెంట్ కలిపిన మట్టి మళ్ళీ పొలంలో కలుస్తుందా?

సివిల్_సూరి
పొలంలో కలవదు, ఒప్పుకుంటాను. కానీ ఇటుకను బట్టీలో 900 డిగ్రీల పైన కాల్చడానికి తగలబెట్టే కట్టె, బొగ్గు కూడా లెక్కలోకి రావాలి కదా. 5 శాతం సిమెంట్‌తో ఆ మంట అసలు అక్కర్లేదు.

పచ్చిఇటుక_ప్రేమ
నేను కాల్చమనలేదు, సిమెంట్ కలపమనలేదు. గోడ మందం పెంచండి, పునాది రాయితో మోకాలెత్తు లేపండి, చూరు రెండడుగులు బయటికి దించండి. అప్పుడు మందులే అవసరం లేదు. అనంతపురం వైపు ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన. దానికి పచ్చి ఇటుక చాలు.

కాకినాడ_కాలువ
మా దగ్గర దానికి రెట్టింపు పడుతుంది, పైగా తుఫాను వాన అడ్డంగా కొడుతుంది. చూరు రెండడుగులు కాదు, నాలుగు దించినా గోడ తడుస్తుంది. చోటును బట్టి మాట్లాడాలి ప్రేమ గారూ. ముంపు ఊళ్ళో పచ్చి ఇటుక ఇల్లు నీళ్ళలో మూడు గంటలు నిలబడి కూలడం చిన్నప్పుడు చూశాను. ముందు గోడ అడుగు ఉబ్బింది, తర్వాత మూల జారింది, చప్పుడు లేకుండా కూర్చుండిపోయింది. అందుకే అడుగు వరసలకైనా సిమెంటో సున్నమో తప్పదంటాను.

పచ్చిఇటుక_ప్రేమ
కోస్తాకు మీ మాట ఒప్పుకుంటాను.

అడుసు_అక్క
గడ్డి సంగతి చెప్పాలి. గడ్డి వేస్తే బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది చేసే అసలు పని పగుళ్ళు ఆపడం. అచ్చులోంచి తీసిన ఇటుక ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, పీచు దాన్ని పట్టి ఉంచుతుంది. విరిగినా రెండు ముక్కలై ఠక్కున పడదు, వేలాడుతుంది. వరిగడ్డిని మూడు నాలుగు సెంటీమీటర్ల ముక్కలు కొట్టి అడుసులో కలిపి వారం పది రోజులు నానబెట్టాలి. కంపు కొడుతుంది, భయపడొద్దు. ఆ కుళ్ళులో వచ్చే జిగురే మట్టిని పడుతుంది. ఆఫ్రికాలో మాలీ దేశపు జెన్నేలో పెద్ద మట్టి మసీదు ఉంది, ఇప్పుడున్నది 1907లో కట్టింది. దానికి ఏటా ఊరంతా కలిసి పూత వేస్తారు. ఆ పూత మట్టిలో కలిపేది మన వరి ఊకే.

ప్రెస్‌తో నొక్కే ఇటుకలో మాత్రం గడ్డి వేయొద్దు. నొక్కి వదలగానే పీచు స్ప్రింగులా మళ్ళీ లేస్తుంది, పొరలు విడిపోతాయి. గడ్డి అచ్చు ఇటుకకు, పూతకు.

గోల్కొండ_గోడ
"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నవాడు ఇల్లు కట్టి ఉండడు.

అడుసు_అక్క
కట్టి ఉంటే కాలు కడిగే తీరిక ఉండేది కాదు!

మొరం_మనిషి
గడ్డి వేస్తే చెదలు రావా?

పచ్చిఇటుక_ప్రేమ
పేడ కలిపి నానబెట్టిన గడ్డి జోలికి మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

కాకినాడ_కాలువ
మా ఇంట్లో వచ్చాయి. తేమ ఉన్న గోడకు తప్పదు. రాతి బేస్‌మెంట్ మీద తేమ పైకి ఎక్కకుండా ఒక పొర వేస్తే చెదలు సగం తగ్గుతాయి.

కరక్కాయ
నా పేరే ఇది కాబట్టి నేనూ రాయాలి. కరక్కాయను పూర్తిగా తిట్టకండి. సిమెంట్ లేని ఎర్రమట్టికి కరక్కాయ నీళ్ళు మంచివి. టానిన్ బంక రేణువులను విడదీస్తుంది, తక్కువ నీళ్ళతోనే ముద్ద లొంగుతుంది, నీళ్ళు తక్కువైతే పగుళ్ళూ తక్కువ. ఎర్రమట్టిలోని ఇనుముతో కూడా అది బంధం వేస్తుంది. చేయి పెట్టి చూడండి, ఎర్రమట్టి ముద్ద మీద కరక్కాయ నీళ్ళు పోస్తే కాసేపటికి నల్లబడుతుంది. పశ్చిమ ఆఫ్రికాలో నేరే అనే చెట్టు కాయల తొక్కలు ఉడకబెట్టిన నీళ్ళు ఇదే పనికి వాడతారు, గోడ మీద చల్లితే వాన తట్టుకుంటుంది.

మా ఇంటి వరండా గోడకు ఎర్రమట్టి, ఇసుక, పేడ, కరక్కాయ నీళ్ళు. నాలుగు వానాకాలాలు చూసింది. చినుకు పడే అంచు దగ్గర ఏటా ఒక చెయ్యి వేస్తాను, మిగతాది అలాగే ఉంది.

సివిల్_సూరి
కరక్కాయ గారి మాటకు అడ్డు చెప్పను. పేడ గురించి కూడా ఒకటి. అది కేవలం పీచు అనుకునేవాణ్ణి. బుర్కినా ఫాసో మట్టితో చేసిన పరిశోధనలో పేడ, మట్టిలోని బంకతోనూ సన్నటి ఇసుకతోనూ కలిసి నీళ్ళకు కరగని జిగురు పదార్థం తయారు చేస్తోందని తేలింది. మన అమ్మమ్మలు అలుకు చల్లింది ఊరికే కాదు.

టక్సన్_తెలుగోడు
నేను ఉండేది అరిజోనా రాష్ట్రం, టక్సన్. ఇక్కడ పాత ఇళ్ళలో పచ్చి మట్టి ఇటుకవి చాలా ఉన్నాయి. అమెరికా పడమటి రాష్ట్రాల్లో 1930ల నుంచి ఇటుక మట్టిలో తారు ఎమల్షన్ కలపడం మొదలైంది. అంటే నీళ్ళలో సన్నటి చుక్కలుగా చెదిరి ఉండే తారు. మట్టి బరువులో 3 నుంచి 5 శాతం దాకా వేస్తారు. బలం పెద్దగా పెరగదు, కానీ ఇటుకను నీళ్ళలో పడేస్తే కరగదు. బకెట్‌లో రాత్రంతా ఉంచి పొద్దున తీస్తే అంచులు కోసినట్టే ఉండటం నేను స్వయంగా చూశాను. తయారుచేసిన కొత్తలో కొంచెం వాసన వస్తుంది, ఆరాక పోతుంది. రోడ్డు పనులకు వాడే సరుకే కాబట్టి మీ దగ్గర కూడా దొరకాలి.

పచ్చిఇటుక_ప్రేమ
తారు ఇల్లా! ఎండాకాలం మా అనంతపురంలో కరిగి కారుతుందేమో.

టక్సన్_తెలుగోడు
ఇక్కడ ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే అండీ. కారలేదు. అంత తక్కువ తారు ఒక్కో రేణువుకు సన్నటి పొరలా అంటుకుని ఉంటుంది.

ప్లాస్టిక్_పీచు
ఎవరూ సింథటిక్ పీచు ఎత్తలేదే. ప్లాస్టరింగ్‌లో కలిపే 12 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ పీచు మట్టి ఇటుకలోనూ పనిచేస్తుంది. గడ్డిలా కుళ్ళదు, చెదలు తినవు, నొక్కినా లేవదు. సన్న పగుళ్ళు బాగా తగ్గుతాయి. మట్టి బరువులో అర శాతం కూడా అక్కర్లేదు. ఒకటే ఇబ్బంది, పొడి మట్టిలో చల్లుతూ కలపకపోతే ఉండలు కడుతుంది, ఆ ఉండ దగ్గరే ఇటుక విరుగుతుంది.

పచ్చిఇటుక_ప్రేమ
వద్దు. ఇంటి గోడలో ప్లాస్టిక్ పెట్టుకోవడానికి నా మనసు ఒప్పదు. ఆ ఇల్లు రేపు కూలితే ఆ పీచంతా చేలోకి, చెరువులోకి. జనుము పీచు, కొబ్బరి పీచు ఉన్నాయి కదా.

ప్లాస్టిక్_పీచు
కూలిన రోజు సంగతి మీరు అంటున్నారు, నిలబడాల్సిన యాభై ఏళ్ళ సంగతి నేను అంటున్నాను. జనుము పీచు సిమెంట్ మట్టిలో కొన్నేళ్ళకు పెళుసెక్కుతుంది, సిమెంట్‌లోని క్షారం దాన్ని తింటుంది.

అడుసు_అక్క
ఇక్కడ నేను ప్రేమ వైపే. సిమెంట్ పాలు, నొక్కుడు, తడి సరిగ్గా ఉన్న ఇటుకకు ఏ పీచూ అక్కర్లేదు. పగుళ్ళు వస్తున్నాయంటే బంక ఎక్కువైంది, ఇసుక కలుపు. పీచుతో ఆ తప్పును కప్పిపుచ్చొద్దు.

పాతమిద్దె
మా మిద్దె పైన చౌడు మట్టి పోస్తాం, వాన చుక్క కిందికి దిగదు. ఇటుకలో చౌడు కలిపితే నీళ్ళు పట్టవేమో?

సివిల్_సూరి
మిద్దె మీద అది అద్భుతం. చౌడులోని సోడియం బంక రేణువులను విడదీసి, తడవగానే సందులన్నీ మూసేస్తుంది. గోడలో మాత్రం వేయకండి. నేల తేమతో ఆ ఉప్పు పైకి ఎక్కుతుంది, ఆరినప్పుడు తెల్లగా పూస్తుంది, పూసినప్పుడల్లా ఒక పొర రాలిపోతుంది. గోడ అడుగున చవుడెక్కి బోలుగా అయిపోవడం ప్రతి ఊళ్ళోనూ చూస్తాం.

పాతమిద్దె
మా గోడ అడుగున అదే జరుగుతోంది. ఇన్నాళ్ళూ ఎలుకలు అనుకున్నాం.

కడప_బూడిద
ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంట్ బూడిద మాకు దగ్గర. మట్టిలో 10 శాతం బూడిద, 5 శాతం సున్నం కలిపి కొట్టాం. బాగా వచ్చాయి. ఒట్టి బూడిద కలిపితే ఏమీ జరగదు, దానికి సున్నం తోడు ఉండాలి. బూడిద, కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్‌తో సిమెంట్ లేకుండానే గట్టి ఇటుక చేయొచ్చు కానీ కాస్టిక్ చేతులు కాలుస్తుంది. కూలీల చేత చేయించే పని కాదు, మేం మానేశాం.

బుక్కపట్నం_చెరువుగట్టు
అందరి మాటలూ ఒక నోటుబుక్‌లో రాసుకున్నాను. సీసా పరీక్ష చేశాను అక్కా. మొత్తం 10 సెంటీమీటర్లలో ఇసుక, గరుసు 5.5, ఒండ్రు 1.5, బంక 3. అంటే బంక కాస్త ఎక్కువే. ఇక మళ్ళీ వేలల్లో కొట్టను. ఒక్కో రకం ఆరేసి కొట్టి చూస్తా.

అడుసు_అక్క
అలా దారికి రా. వంక ఇసుక నాలుగో వంతు కలుపు. ప్రెస్‌లో వేసే ముందు పిడికెడు మట్టి ముద్ద చేసి, భుజం ఎత్తు నుంచి గట్టి నేల మీద వదులు. నాలుగైదు ముక్కలైతే తడి సరిగ్గా ఉంది. చదునుగా నేలకు అతుక్కుంటే నీళ్ళు ఎక్కువ, పొడిపొడిగా చెదిరితే తక్కువ. సిమెంట్ వేసి నీళ్ళు తగిలాక గంటలోపు ఆ గుట్టంతా నొక్కేయాలి. భోజనానికి వెళ్ళొచ్చి మిగిలింది కొట్టడం ఉండకూడదు. ప్రతి ఇటుక మీద తేదీ, రకం మేకుతో గీసి పెట్టు, తర్వాత అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

మొరం_మనిషి
ఇవన్నీ కళ్ళతో చూడాలనుకునేవాళ్ళు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలోని టెక్నాలజీ పార్కుకు వెళ్ళండి. మట్టి ఇటుకలతో కట్టిన నమూనా ఇళ్ళున్నాయి, గోడ మీద చెయ్యి పెట్టి చూడొచ్చు. నేను ధైర్యం తెచ్చుకుంది అక్కడే.

బుక్కపట్నం_చెరువుగట్టు
ఐదు వారాల తర్వాత వస్తున్నాను. ఫలితాలు రాస్తా.

ఐదు రకాలు పరీక్షించాను, నాలుగు కొత్తగా కొట్టినవి, ఐదోది పాతదే. మొదటి నాలుగూ 28 రోజులు నీడలోనే. సిమెంట్‌వీ సున్నంవీ తడిగోనెల కింద, మిగతావి పొడిగా. తర్వాత ఒక్కోటి నీళ్ళ తొట్టిలో దింపి ఫోన్‌లో టైం చూశాను.

ఒట్టి మట్టి ఇటుక: దింపగానే బుడగలు, ఇరవై నిమిషాలకు మూలలు జారాయి, గంటకు అడుగున కుప్ప.

అచ్చులో పోసిన గడ్డి, పేడ ఇటుక: సాయంత్రం దాకా ఆకారం నిలిచింది, ఎత్తబోతే చేతిలో రెండుగా అయింది. గడ్డి పట్టుకుని వేలాడింది, అక్క చెప్పినట్టే.

మట్టి, పావు వంతు ఇసుక, 6 శాతం సిమెంట్, మామూలు బోరు నీళ్ళు: 24 గంటల తర్వాత తీస్తే అంచులు బ్లేడుతో కోసినట్టున్నాయి. తడి ఇటుకనే రెండు ఇటుకల మీద వంతెనలా పెట్టి నేను ఎక్కి నిలబడ్డాను. మా నాన్న కూడా ఎక్కారు. విరగలేదు. మా అమ్మ మూడోసారి వద్దని దింపేసింది.

మట్టి, 8 శాతం సున్నం, అదే బెల్లం నీళ్ళు: కరగలేదు! గోటికి కొంచెం గీత పడుతుంది, కానీ నీళ్ళు తేటగానే ఉన్నాయి. ఇంకా రెండు నెలలు ఆగితే ఎలా ఉంటుందో చూడాలి.

ఐదోది పాత బెల్లం సిమెంట్ ఇటుక: మీరు ఆగమన్నారు కదా సూరి గారూ, ఆగాను. ముందుకంటే నయం. గోటికి పొడి రావట్లేదు. కానీ తొట్టిలో వేస్తే మూడు గంటలకు పైపొర చెంచాతో గీకేలా మెత్తబడింది. చీమలు మాత్రం పోయాయి.

సివిల్_సూరి
చాలా బాగా చేశారు. పాత ఇటుకలు బరువు మోసే గోడకు వద్దు, వాన తగిలే చోటకు వద్దు. లోపల గది మధ్య అడ్డుగోడకు, అరుగు లోపల నింపడానికి వాడండి. మిగిలినవి దంచి మట్టి జోడింపుకు, పూతకు. అందులో సిమెంట్ వేయకండి, సున్నం వేయొచ్చు.

బుక్కపట్నం_చెరువుగట్టు
అదే అనుకున్నాం. ఇంకో మాట. నిన్న ఆ పెద్ద మేస్త్రీని పిలిచి తొట్టి చూపించాను. ఆయన తప్పని నిందించడానికి కాదు, ఆయనకూ తెలియాలని. సున్నం ఇటుకను చేతిలోకి తీసుకుని రెండు వైపులా తిప్పి, నాలుక మీద తడి వేలు పెట్టి రుచి చూశాడు. "మా నాయన కాలంలో సిమెంట్ యాడుండాదప్పా, నేను సున్నానికి చెప్పినా, నువ్వు సిమెంట్ తెచ్చుకుంటివి" అన్నాడు. నిజమే, నేను ఆయనకు సిమెంట్ సంగతి చెప్పనేలేదు. సోమవారం నుంచి ఆయనే పనికి వస్తున్నాడు. బయటి గోడలు కొత్త సిమెంట్ ఇటుక, మామూలు నీళ్ళు. లోపలి పూత ఆయన పద్ధతి, సున్నం, బెల్లం, కరక్కాయ.

పాతమిద్దె
ఇప్పుడు సంతోషం.

పచ్చిఇటుక_ప్రేమ
చూరు రెండడుగులు. మర్చిపోవద్దు.

బుక్కపట్నం_చెరువుగట్టు
రెండున్నర పెడుతున్నాను ప్రేమ గారూ. చివరగా ఒకటి. వంటగది నేలకు, పొయ్యి గట్టుకు పుట్టమన్ను కావాలంటున్నాడు మేస్త్రీ, చెదపురుగు నమిలిన మట్టికి ఉన్న జిగురు వేరే అంటాడు. మా చుట్టుపక్కల ట్రాక్టర్లు దున్ని పుట్టలన్నీ పోయాయి. కదిరి, ధర్మవరం వైపు ఎవరి దగ్గరైనా ఉందా?

కరక్కాయ
కదిరి దగ్గర మా చేను గట్టున పాడుబడినవి రెండున్నాయి, బండి తెచ్చుకో. మూడోది పెద్దది, దాని జోలికి మాత్రం వెళ్ళకు. నాగుల చవితికి మా అమ్మ పాలు పోసేది దానికే.